పొయ్యి వెలిగించని పూటలు

పలాస కాశీబుగ్గలో మా కర్రీ పాయింటు ముందు పదకొండు గంటలకే స్కూటర్లు ఆగేవి. నేనూ మా తోడికోడలూ కలిసి పన్నెండేళ్లు నడిపాం. ఆవిడ నాకంటే ఆరేళ్లు పెద్ద, నేను అక్కా అని పిలుస్తాను. కూరలు తరగడం, పొట్లాలు కట్టడం, వచ్చేపోయే వాళ్లతో మాట్లాడడం ఆవిడ వంతు. పొయ్యి నా వంతు. కింద దుకాణం, దాని వెనక వాళ్ల కాపురం, పై వాటా మాది. గరిటెతో చేతిలో వేసుకుని రుచి చూసే అలవాటు నాకు లేదు. మూత తీసి, ఆవిరి ముఖానికి తగలనిస్తే చాలు, ఆ కూరకి ఇంకేం కావాలో తెలిసిపోయేది. కళ్లు మూసుకుని కూడా వండగలనని నలుగురిలో అనేదాన్ని. ముక్కు మూసుకుంటే ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాకూ తగిలింది. అయిదు రోజుల జ్వరం, అంతే. ఆసుపత్రి దాకా పోలేదు. వాసన మాత్రం పూర్తిగా పోయింది. అందరికీ పోయింది, అందరికీ వచ్చింది, నీకూ వస్తుందన్నారు. రెండు నెలల తర్వాత వచ్చింది కూడా.

ఆ రోజు వంకాయ కూరకి ఉల్లిపాయలు వేయిస్తున్నాను. ఉన్నట్టుండి ఎలుక చచ్చిన వాసన కొట్టింది. మంట తగ్గించి సిలిండరు వెనక చూశాను, బియ్యం బస్తా జరిపి చూశాను.

"ఏటే, ఏటెతుకుతున్నావు?" అంది అక్క.

"ఎలకేదో సచ్చిపోయినట్టుందక్కా. వాసన రాలేదా నీకు?"

ఆవిడ గుమ్మం దగ్గర నుంచి వచ్చి గట్టిగా గాలి పీల్చింది. "ఉల్లిపాయల వాసనే గదే. బాగా యేగినాయి, దించీ."

మూకుడు మీదకి వంగాను. ఎలుక అక్కడే ఉంది. నేను వేయిస్తున్న ఉల్లిపాయల్లో ఉంది. మూకుడు అలాగే వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను.

తర్వాత పదిహేను రోజుల్లో ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. కాఫీ కాలిన టైరు. గుడ్డు ఇంకా ఘోరం. వెల్లుల్లి, పోపు, వేగిన వేరుశెనగ గుళ్లు అన్నీ చచ్చిన ఎలుకే. అన్నం ఉడికే ఆవిరి కూడా తడిసిన గోనెసంచి. నిప్పు మీదకి వెళ్లినదేదైనా సరే, అదే కుళ్లు. పలాసలో ఈ జబ్బు రావడం అన్నింటికన్నా పెద్ద కష్టం. ఇక్కడ జీడిపిక్కలు కాల్చే పొగ గాలిలో భాగం. రైలు దిగిన కొత్తవాళ్లు ఆ కమ్మదనానికి ముక్కుపుటాలెగరేస్తారు. నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నడవడం మొదలుపెట్టాను. ఇంకా కరోనా భయమేనా అని నవ్వేవాళ్లు.

టెక్కలిలో ముక్కు, చెవి డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన ఓపికగా విన్నాడు. "దెబ్బతిన్న నరాలు మళ్లీ మొలుస్తున్నాయమ్మా. మొలిచేటప్పుడు తీగలు తప్పుగా కలిశాయి. ఒకటి రావలసిన చోట ఇంకోటి వస్తోంది. మందు పెద్దగా లేదు, టైమే" అన్నాడు. ఎంత టైమని అడిగితే ఆరు నెలలు కావచ్చు, రెండేళ్లు కావచ్చన్నాడు. రోజుకి రెండుసార్లు నిమ్మకాయ, లవంగం, నీలగిరి తైలం వాసన చూడమన్నాడు. బస్సులో తిరిగొస్తూ, రెండేళ్లు ఏం తింటానని అడగడం మర్చిపోయానని గుర్తొచ్చింది.

దుకాణం అక్క ఒక్కర్తే నడపడం మొదలుపెట్టింది. పొయ్యి దగ్గరికి పక్క వీధిలోంచి ఒకామెను పెట్టుకుంది. పది గంటలకి కింద పోపు పడితే ఆ వాసన మెట్లెక్కి మా వాటాలోకి వచ్చేది. నేను ఇంకో అంతస్తు ఎక్కి డాబా మీదకి పోయేదాన్ని. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని అరటిపళ్లు, కీరా, నానబెట్టిన పెసలు తినేదాన్ని. కడుపు నిండేది. కానీ అది తిండిలా ఉండేది కాదు. పూజ రోజున ఉపవాసం ఉన్నవాళ్లు తీసుకునే ఫలహారంలా ఉండేది, ఆ పూజ ఎంతకీ అయ్యేది కాదు. కంచం ముందు కూర్చోవాలని, కలుపుకుని నోటినిండా పెట్టుకోవాలని మహా ఆశగా ఉండేది. జాకెట్లు వదులైపోయాయి.

ఒక మధ్యాహ్నం డాబా మీద ఫోను చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. ఏ దేశమో తెలియదు, నడివయసు ఆడమనిషి. పచ్చి బొప్పాయిని సన్నగా పోగుల్లా కోస్తోంది. ఒక్క మాట అర్థం కాలేదు గానీ ఆ చేతులు అర్థమయ్యాయి. పన్నెండేళ్లు వంట చేసినదాన్ని, చేతులు చెప్పేది నాకు తెలుస్తుంది. ఆవిడ పొయ్యి వెలిగిస్తుందని చివరిదాకా చూశాను, వెలిగించలేదు. పోగుల మీద పులుపు, తీపి, కారం కలిపి, కర్రపుల్లలతో ఎత్తి నోట్లో పెట్టుకుంది. దాని కింద ఇంకో వీడియో, ఇంకోటి. దోసకాయతో, ముల్లంగితో, కారెట్టుతో నూడిల్స్. గుడ్డు లేదు, పాలు లేవు, నూనె లేదు, నిప్పు లేదు.

నూడిల్స్ అనేసరికి నాకు స్టేషను రోడ్డు బండ్లు గుర్తొచ్చాయి. పెళ్లయిన కొత్తలో ఆదివారం సాయంత్రాలు మా ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లేవాడు. ఒకటే ప్లేటు చెప్పి రెండు ఫోర్కులు అడిగేవాడు.

మొదటిసారి సొరకాయతో చేశాను. తొక్క తీసే కత్తితో పలకలుగా గీసి, వాటిని పీట మీద పరిచి సన్నగా కోశాను. నిమ్మరసం, ఉప్పు, పచ్చిమిర్చి కలిపి డాబా మీదకి తీసుకెళ్లేసరికి గిన్నెలో చెరువు తయారైంది. నీళ్లలో తెల్లటి పోగులు తేలుతున్నాయి. అప్పటికీ తిన్నాను. రెండోసారి ముందే ఉప్పు రాసి అరగంట ఉంచి, పలచని గుడ్డలో పిండాను. నీరంతా పోయి పోగులు మెత్తగా, సాగినట్టుగా వచ్చాయి. కోసే ముందు ప్రతి సొరకాయా చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని చూసేదాన్ని. చేదు కాయ పచ్చిగా తింటే ప్రమాదం. నాలిక మాత్రం నన్ను మోసం చెయ్యలేదు. ఉప్పు, పులుపు, తీపి, చేదు దానికి తెలుస్తూనే ఉన్నాయి.

పచ్చి బొప్పాయి అన్నింటికన్నా బాగా కుదిరింది. కోసి ఉప్పునీళ్లలో వేస్తే పాలు పోయి కరకరలాడేది. కారెట్టు రంగుకి వేసేదాన్ని. బండివాళ్లు వాడే సోయా సాస్ తెచ్చి మూత తీస్తే ముక్కు భగ్గుమంది. దాని బదులు నానబెట్టిన చింతపండు పులుసు, బెల్లం వేశాను. వేయించని జీడిపప్పు నానేసి, నిమ్మరసం, అల్లం, పచ్చిమిర్చితో మెత్తగా రుబ్బి పైన పోసేదాన్ని. వేపని జీడిపప్పుకి వాసన లేదు, వట్టి పాలలాంటి నునుపు. ఊరంతా నన్ను తరిమిన పిక్కే నా గిన్నెలో చల్లగా కూర్చుంది. మొదటిసారి అది కలుపుకుని నోటినిండా పెట్టుకున్నప్పుడు పళ్లకి పనిచెప్పే తిండి దొరికిందని కళ్లలో నీళ్లు తిరిగాయి. చూపించడానికి ఎవరూ లేరు. గిన్నె కడిగి బోర్లించి కిందకి దిగాను.

మర్నాడు ఎక్కువ చేసి అక్కకి తీసుకెళ్లాను. ఆవిడ రెండు ముద్దలు తిని, మొహం జాగ్రత్తగా పెట్టుకుని నమిలింది.

"బాగానే ఉంది గానీ, పచ్చివాసనేస్తందే. గొడ్డుకి కుడితిలో యేసే ముక్కల్లా ఉన్నాయి. ఇలాటిదా నువ్వు తింతన్నది రోజూ?"

"నాకిదే దిగుతంది అక్కా."

"ఇలా ఇయ్యి" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. కడుగుతుందేమో అనుకుని పైకి వచ్చేశాను. పది నిమిషాలకి ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. అదే గిన్నె. పైన ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, చితక్కొట్టిన వెల్లుల్లి, కాగిన నూనె ఇంకా బుసబుసమంటోంది.

"ఇప్పుడు తిను. నోటికి ఇతవుగా ఉంటాది" అంది.

ఆవిడ కళ్లలో ఎంత ప్రేమ ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. కానీ నేను నోరు మూసుకుని ఆవిడ పక్కనుంచి డాబా మీదకి పరిగెత్తాను. అక్కడ పిట్టగోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. దిగి వచ్చేసరికి గిన్నె మెట్ల మీద ఉంది, ఆవిడ లేదు. చెప్పి ఉండాల్సింది. ఇది నీ వంట తప్పు కాదు, నా ముక్కు తప్పు అని వందోసారైనా చెప్పి ఉండాల్సింది. చెప్పిచెప్పి విసిగిపోయాను. వినేవాళ్లకి ఇది జబ్బులా వినిపించదు, వంకలా వినిపిస్తుంది. అక్క పది రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

ఆ రోజుల్లో ఎవరికీ చెప్పనిది ఒకటుంది. మా ఆయన ఒక ఫ్యాక్టరీకి పనివాళ్లని తీసుకెళ్లే బస్సు నడుపుతాడు. తెల్లారకముందే పోయి చీకటిపడే వేళకి వస్తాడు. స్నానం చేసి వచ్చి పక్కన కూర్చున్నా సరే, ఆయన ఒంటి నుంచి నాకు అదే కుళ్లిన ఉల్లి వాసన వచ్చేది. ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు ఎంతో ఇష్టమైన వాసన అది. ముందు మొహం అటు తిప్పుకుని పడుకున్నాను. తర్వాత ఉక్కపోస్తోందని చెప్పి చాప ముందు గదిలో వేసుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు. అడగకపోవడం చూసి నేనూ చెప్పలేదు. నీ దగ్గర వాసన వస్తోందని కట్టుకున్నవాడితో ఏ నోటితో చెప్పను?

ఆయన కొన్నాళ్లకి బయట తిని రావడం మొదలుపెట్టాడు. నా ఇబ్బంది చూసే అలా చేస్తున్నాడని నాకు తెలుసు. అయినా ఒక ఇంట్లో ఇద్దరం వేరువేరు చోట్ల, వేరువేరు వేళల్లో తినడం, వేరువేరు గదుల్లో పడుకోవడం. మాటలు కూడా తగ్గిపోయాయి. తిన్నావా అన్నది మా ఇళ్లలో పలకరింపు. ఆ పలకరింపే లేకపోతే ఇంకే మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు.

వేసవిలో సోంపేట అవతల మా అన్నయ్య వాళ్ల ఊరు వెళ్లాను. సముద్రం పక్కనే తోట. తుపానుకి పెద్ద చెట్లన్నీ పడిపోయాక అన్నయ్య పొట్టిరకం కొబ్బరి వేశాడు, అవి అప్పుడే కాపుకొచ్చాయి. బొండాలు నిలబడే కోసుకోవచ్చు. అక్కడ పగలంతా గాలి సముద్రం వైపు నుంచే వస్తుంది. ఆ గాలిలో ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. వంట వేళకి తోటలోకి పోతే చాలు. నేను కొంగు ముఖం మీదనుంచి తీసేశాను.

నీళ్లు తాగేసిన బొండాలు కొట్టి చూస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. మరీ లేతది మీగడలా చితికిపోతుంది, ముదిరింది పెళుసుగా విరుగుతుంది. రెంటికీ మధ్య ఒక పదును ఉంది. అప్పుడు చెంచాతో జాగ్రత్తగా తీస్తే కొబ్బరి అప్పడంలా పలకగా లేస్తుంది. ఆ పలకల్ని చుట్టి సన్నగా కోస్తే తెల్లటి నూడిల్స్, అచ్చం బండి మీద నూడిల్స్‌లా జారుతూ. కీరా పోగులు, పచ్చి మామిడి కోరు, జీడిపప్పు ముద్ద, కొంచెం పుదీనా. ఇన్నాళ్లలో నేను చేసినవాటిలో అదే మంచిది. పదిహేను రోజులు అదే తిన్నాను. తిరిగి పలాస వెళ్లాలనిపించలేదు. ఇది నిజం, ఇప్పుడు రాయడానికి కష్టంగా ఉంది.

మూడో ఆదివారం మా ఆయన బండి మీద వచ్చాడు. అన్నయ్య వాళ్లు ఊళ్లో పెళ్లికి పోయారు. తోటలో నేనొక్కదాన్నే కొబ్బరి కోస్తున్నాను. వచ్చి కొంచెం దూరంలో దుంగ మీద కూర్చున్నాడు. గిన్నెలో పెట్టి ఇచ్చాను. తిన్నాడు.

"జారిపోతంది" అన్నాడు. తర్వాత గిన్నె వైపే చూస్తూ, "ఎప్పుడొత్తావు ఇంటికి?" అన్నాడు.

నేను కొబ్బరి కోస్తూనే ఉన్నాను.

"నానేటైనా తప్పు సేసినానా? సేత్తే సెప్పు. వదిన్నడిగినాను, ఆవిడికీ తెలవదంట. సాప అవతల గదిలోకి పోయినప్పుడే అడుగుదామనుకున్నాను. భయమేసింది."

"భయమేటి?"

"నువ్వు సెప్పేది ఇనాల్సొత్తాదని."

అప్పుడు చెప్పాను. కత్తి కింద పెట్టి, చేతులు చూసుకుంటూ చెప్పాను. ఉల్లిపాయల్లో వచ్చే వాసనే నీ దగ్గరా వస్తోంది మావా, ఎంత ఆపుకున్నా కడుపులో తిప్పుతోంది, నీ తప్పేం లేదు, అది నీ వాసన కాదు, నీ వాసన నాకు గుర్తుంది అన్నాను.

ఆయన గిన్నె మీదనుంచి తలెత్తి చూశాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"ఇంకేటో అనుకున్నాను నాను. ఏడాది బట్టి ఏటేటో అనుకున్నాను." గిన్నె పక్కన పెట్టాడు. "ఇప్పుడొత్తందా?"

"గాలి అటు నుంచి గదా. నువ్వు తూరుపేపు కూకున్నావు."

ఆయన లేచి వచ్చి నా రెండో పక్కన, పడమటి వైపు కూర్చున్నాడు. మీద చెయ్యి వెయ్యలేదు. సముద్రపు గాలి నా మీదుగా ఆయన వైపు పోతోంది. చాలా నెలల తర్వాత అంత దగ్గరగా కూర్చున్నాం. ఫ్యాక్టరీ దగ్గర పని గురించి, బస్సు క్లచ్ గురించి ఏవో చెప్పాడు. విన్నాను. సాయంత్రం ఆయనతోనే బండెక్కి వచ్చేశాను. దారంతా వెనక కూర్చుని, గాలి ఆయన మీదనుంచి నా మీదకి వస్తుంటే కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన అద్దంలో చూశాడు, ఏమనుకోలేదు.

ఇంటికొచ్చాక జబ్బేమీ మారలేదు. కానీ చాప మళ్లీ లోపల గదిలోకి వచ్చింది, కిటికీ కింద, ఫ్యాను గాలి ఆయన వైపు పోయేలా. అక్కతో కూడా మాట్లాడాను. పొద్దున్నే పొయ్యి వెలిగించక ముందు కిందకి పోయి కూరలన్నీ నేనే తరిగిపెట్టడం మొదలుపెట్టాను. పోపు వేళకి ఆవిడే "ఇంక పోయే పైకి" అనేది.

ఆ ఏడు చివర్లో అక్క ఒకామెని పైకి పంపింది. బ్యాంకులో పనిచేస్తుంది, మా దుకాణంలో కూరలు కొనేది, కొన్నాళ్లుగా కొనడం మానేసిందట. అక్క ఎందుకని అడిగితే, మొహమాటపడుతూ, పోపు వాసన పడడం లేదు అందట. మా అక్క వెంటనే ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది.

"మీకు కాఫీ ఎలా వస్తుందండీ?" అని అడిగింది ఆవిడ నన్ను, ఇంకా కూర్చోకముందే.

"కాలిన టైరు."

"నాకు మురిక్కాలవ" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక ఆవిడ కళ్లు తుడుచుకుంది. తనది ఏలూరు వైపు, ఇక్కడ ఒక్కతే అద్దెగదిలో ఉంటోంది. ఇంట్లోవాళ్లకి ఫోనులో చెబితే మనసులో బెంగ అంటున్నారట.

అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం వేళకి ఆవిడ డాబా మీదకి వచ్చేది. ఇద్దరికీ కోసేదాన్ని. తనకి ముల్లంగి పడదు, నాకు కొత్తిమీర పడదు. ట్యాంకు నీడ జరిగిన కొద్దీ మేమూ జరిగేవాళ్లం. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలు నేను మధ్యాహ్నం కోసం ఎదురుచూశాను. తర్వాత ఆవిడకి టెక్కలి బదిలీ అయింది. దూరం కాదు, బస్సులో గంట. వారానికోసారి ఫోను చేసేది. "ఇవాళ ఏం కోశారు?" అని మొదలుపెట్టేది. తను కోసుకున్నది చెప్పేది. టెక్కలిలో మంచి పచ్చి బొప్పాయి దొరకడం లేదని ఒకసారి అన్నయ్య తోట నుంచి వచ్చినవి బస్సులో పంపాను.

నాకిప్పుడు కొంత నయం. అన్నం వాసన మొదట వచ్చింది, తర్వాత మా ఆయనది. అంటే ఆయన దగ్గర కుళ్లు పోయింది, అంతే; పాత వాసన రాలేదు. ఏ వాసనా లేని మనిషి పక్కన పడుకుంటున్నాను. ఆయనకి అదే చాలట. ఉల్లిపాయకీ ఇప్పుడు ఏ వాసనా లేదు; కాఫీ, వెల్లుల్లి ఇంకా కుళ్లే. ఆదివారాలు ఎప్పుడైనా వెల్లుల్లి లేకుండా వంకాయ కూర వండుతాను. మూత తీసి ఆవిరి ముఖానికి తగలనిస్తాను. అదేమీ చెప్పదు. కంచాల ముందు కూర్చున్నవాళ్ల మొహాలు చూసి ఎలా ఉందో తెలుసుకుంటాను. ఉప్పెక్కువైనా బాగుందనే అంటారు.

కిందటి నెల బ్యాంకు ఆవిడ ఫోను చేసింది. ఏం కోశారని అడగలేదు.

"పొద్దున్న కాఫీ కాఫీలా వచ్చిందండీ" అంది. "నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నాను, పోలేదు. వెల్లుల్లి కూడా వచ్చేసింది. నిన్న ఆవకాయ వేసుకుని వేడన్నం తిన్నాను. మీకే ముందు చెబుతున్నాను."

"చాలా సంతోషమండీ" అన్నాను. నిజంగానే సంతోషంగా ఉంది. ఏమేం తిన్నదో అన్నీ అడిగి చెప్పించుకున్నాను. మీకూ వచ్చేస్తుందండీ అంది, మొదట్లో అందరూ అన్నట్టే. మళ్లీ చేస్తానని పెట్టేసింది. తర్వాత చెయ్యలేదు. ఎందుకు చేస్తుంది, మేం మాట్లాడుకున్నదంతా దాని గురించే కదా.

ఆ రోజు బొప్పాయి సగం కోసి ఉంది. మిగతా సగం కూడా కోసి ఉప్పునీళ్లలో వేశాను. కింద అక్క పోపు పెట్టిన చప్పుడు వినిపించింది. గిన్నె తీసుకుని డాబా మీదకి వెళ్లాను.